కడిగిన చక్రాలు

కోపంగా ఉన్న చేత్తో దీపం వెలిగిస్తే దేవుడు ఒప్పుకుంటాడా, ఒప్పుకోడా? ఈ అనుమానం శైలజకు పెళ్ళై అత్తగారింటికి వచ్చిన కొత్తలో మొదలైంది. ఏళ్ళు గడిచినా తీరలేదు. తార్నాక గుడిలో పూజారిని ఒకసారి అడిగింది. "కాళ్ళు చేతులు కడుక్కొని పెట్టమ్మా" అన్నాడాయన. "కాళ్ళు చేతులు కడుక్కుంటనే పంతులుగారూ, కోపం సంగతేంది?" అంటే, వెనక వరసలో నిలబడ్డవాళ్ళను చూపించి "తీర్థం తీసుకొని జరగమ్మా" అన్నాడు. ఆ జవాబుకు ఇంకా కోపం వచ్చింది. ఆ పూట దీపం పెట్టలేదు.

అప్పటినుంచి తనకు తానే ఒక పద్ధతి పెట్టుకుంది. కోపం ఉన్న పూట అగ్గిపెట్టె ముట్టదు. భర్త భానుప్రకాశ్‌కు ఇది బాగా తెలుసు. పొద్దున లేవగానే దేవుని మూల వైపు ఒక చూపు చూస్తాడు. దీపం వెలుగుతుంటే చాయ్ అడుగుతాడు. లేకపోతే చప్పుడు కాకుండా చొక్కా తొడుక్కొని ఇరానీ హోటలుకు నడుస్తాడు.

బోనాలకు ముందు ఆ వారం మొదట్లో ఆ మూల వరసగా చీకటిగానే ఉంది. హోటలువాడు భానుప్రకాశ్‌ను చూసి అడగకుండానే చాయ్ పోస్తున్నాడు.

కోపానికి కారణం నీళ్ళు. తాగే నీళ్ళు కాదు, చేపల నీళ్ళు.

యూనివర్సిటీ క్యాంపస్ వెనక, మాణికేశ్వర్ నగర్ వైపు గోడను ఆనుకొని, ఒకప్పుడు కోళ్ళను పెంచిన పొడవాటి రేకుల షెడ్డు ఉంది. చేపల పెంపకంలో శిక్షణ పొందిన ఆడవాళ్ళ సంఘానికి దాన్ని వాడుకోమని యూనివర్సిటీవాళ్ళు ఇచ్చారు. మొదట సంఘంలో చాలామందే ఉన్నారు. వాసన పడదని కొందరు, మోటారు చప్పుడుకు తలనొప్పని కొందరు తప్పుకున్నారు. చివరికి శైలజ, నిరోష మిగిలారు. నిరోష వయసులో చిన్నది, మాటలో పెద్దది. ఇద్దరివీ ఒకే బస్తీలో వేరు వేరు గల్లీలు.

షెడ్డులో నీలం రంగు గుండ్రటి తొట్లు, వాటి నిండా జిలేబి చేపలు. చెరువు లేదు, కాలువ లేదు. ఉన్న నీళ్ళే తిరిగి తిరిగి వస్తుంటాయి. తొట్టిలోంచి బయటికి పోయిన నీళ్ళు ముందు ఒక జల్లెడలో పడి చేపల పెంటను వదిలించుకుంటాయి. ఆ తర్వాత మూత ఉన్న పెద్ద ఫిల్టర్ డ్రమ్ములోకి పోతాయి. అందులో రూపాయి బిళ్ళంత ప్లాస్టిక్ చక్రాలు లెక్కలేనన్ని, గాలి బుడగల మీద అన్నం ఉడికినట్టు కుతకుతలాడుతుంటాయి. ఆ చక్రాలకు గోధుమ రంగు జిగురు పట్టి ఉంటుంది. చూస్తే ముట్టబుద్ధి కాదు. కాని కంటికి కనబడని జీవాలు ఆ జిగురులోనే కాపురం ఉంటాయి. చేపల ఒంట్లోంచి వచ్చే విషాన్ని అవి తిని, నీళ్ళను మళ్ళీ చేప బతికేలా చేస్తాయి. షెడ్డంతటికీ ప్రాణం ఆ డ్రమ్ములో ఉందని శిక్షణలో మొదటి రోజే చెప్పారు.

పోయిన విడత గాలివానకు కరెంటు పోయి చేపలు సగం చచ్చాయి. ఈసారి కూడా అట్లాగే అయితే షెడ్డును ఇంకెవరికైనా ఇస్తామని యూనివర్సిటీ పెద్దలు ముందే చెప్పారు. ఖాళీగా ఉంచి ఏం చేస్తారు, వాళ్ళ మాటలో తప్పేమీ లేదు. అందుకే శైలజకు రాత్రీపగలూ ఒక్కటే ధ్యాస. ఈ చేపలు బతకాలి, సంతకు పోవాలి.

ఆ పొద్దున తొట్టి దగ్గరికి పోయేసరికి చేపలు దాణా ముట్టడం లేదు. నీళ్ళు పైనుంచి పడే గొట్టం కింద గుంపుగా చేరి, నోళ్ళు నీటి పైకి పెట్టి ఆవలిస్తున్నాయి. నీళ్ళు మాత్రం ఎన్నడూ లేనంత తేటగా ఉన్నాయి. శైలజ చిన్న గాజు గొట్టంలో నీళ్ళు పట్టి, మందు చుక్కలు వేసి కుదిపింది. పసుపుగా ఉండాల్సిన నీళ్ళు ఆకుపచ్చగా మారాయి. పచ్చదనం ఎంత చిక్కనైతే విషం అంత ఎక్కువ.

అప్పుడే నిరోష దాణా బకెట్టు పట్టుకొని వచ్చింది.

"ఎంత వేస్తున్నవే దాణా?" శైలజ గాజు గొట్టాన్ని ఆమె ముఖం ముందు పెట్టింది.

"ఎప్పుడేసేదే."

"ఎప్పుడేసేదే అయితే గీ రంగేంది? పెసరపొట్టు లెక్క!"

"నన్నడుగుతవేంది అక్కా? నేనా కలిపింది రంగు?"

"నీ సంగతి నాకు తెల్వదా? చేప నోరు తెరిస్తే చాలు, పిడికెడు వేస్తవ్. చుట్టాలకు వడ్డించినట్టు ఇంకొంచెం, ఇంకొంచెం."

"మా ఇంట్ల చుట్టాలకు వడ్డిస్తం. మీ ఇంట్ల లెక్క తినొచ్చిన్రా అని గడపల్నే అడగం."

మామూలు రోజైతే శైలజ నవ్వేది. ఆ రోజు నవ్వు రాలేదు. లోపల భయం, దాని మీద కోపం. "మనసు పెట్టి చెయ్యనోళ్ళతోని పొత్తు పెట్టుకుంటే గిట్లనే అయితది. పోయినసారి కూడా నీ వంతు రోజే చచ్చినయ్."

ఆ మాట నోట్లోంచి బయటపడగానే ఎక్కువైందని ఆమెకు తెలిసింది. తెలిసినా వెనక్కి తీసుకోలేదు.

నిరోష బకెట్టును కొక్కేనికి తగిలించింది. చున్నీతో చేతులు తుడుచుకుంది. "కరెంటు నేను తీసిన్నా? వానను నేను పిలిచిన్నా?" అంది. గొంతు చాలా నెమ్మదిగా ఉంది, అరిచి ఉన్నా అంత బాధ అనిపించేది కాదు. "ఉండు. ఒక్కదానివే ఉండు. మనసు పెట్టి చెయ్యి."

పోయింది.

శైలజ దాణా పూర్తిగా ఆపేసింది. బోరు నీళ్ళు పెట్టి తొట్లలో కొంత పాత నీళ్ళు వదిలేసింది. గాలి మోటారు ఇంకొకటి తగిలించింది. మూడో రోజు చూస్తే పచ్చదనం తగ్గకపోగా ఇంకా చిక్కబడింది. అప్పుడు ఆమె తొట్టి గట్టు మీద కూర్చొని ఆలోచనలో పడింది. నిరోష దాణా ఎక్కువ వేయడమే కారణమైతే, దాణా ఆపినాక రంగు దిగాలి కదా. మరి ఎందుకు ఎక్కుతోంది? తప్పు నోటి దగ్గర లేకపోతే ఇంకెక్కడ ఉంది?

లేచి పోయి ఫిల్టర్ డ్రమ్ము మూత తీసింది.

లోపల చక్రాలు తెల్లగా ఉన్నాయి. కొత్తగా కొట్లోంచి తెచ్చినంత తెల్లగా, మల్లెమొగ్గలు పోసినట్టు, గాలి బుడగల మీద ఆడుకుంటున్నాయి. ఒకదాన్ని తీసి వేళ్ళతో రుద్దింది. కిర్రుమంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే సన్నగా బ్లీచింగ్ పౌడర్ వాసన. డ్రమ్ము చుట్టూ తిరిగింది. వెనక వైపు, గోడ నీడలో, డ్రమ్ముకు పసుపు రాసి మూడు వేళ్ళతో గీసి నడుమ కుంకుమ బొట్టు పెట్టి ఉంది.

ఆ మూడు వేళ్ళ గీత ఎవరిదో ఆమెకు తెలుసు. ఇంట్లో గడపకు, బియ్యం డబ్బాకు, కొత్త గ్యాస్ సిలిండరుకు కూడా అదే చెయ్యి అదే గీత గీస్తుంది.

ఇంటికి ఎట్లా వచ్చిందో తెలియదు. అత్త లచ్చవ్వ ముందు గదిలో పీట వేసుకొని ఇత్తడి బిందెలు చింతపండుతో తోముతోంది. బోనాలకని ఇల్లంతా సున్నం కొట్టించింది. గోడలు, గిన్నెలు, చివరికి కరెంటు బుగ్గలు కూడా తుడిపించింది.

"అత్తమ్మా, షెడ్డుకు పోయినవా?"

"పోయిన," లచ్చవ్వ తలెత్తి సంబరంగా చూసింది. "నువ్వు నల్లకుంటకు సామాన్లకు పోయిన రోజు. తాళంచెవి మూలకే ఉన్నది కదా. ఏం గలీజు పెట్టుకున్నరే తల్లీ! డ్రమ్ముల చెయ్యి పెడితే చీమిడి లెక్క అంటుకున్నది. బోనాల ముంగట గట్ల ఉంచుతరా? గంపల కొద్ది తోడి, బ్లీచింగు ఏసి, పీసుతోని రుద్ది రుద్ది కడిగిన. ఎండల ఆరబోసి, మల్ల కడిగి ఏసిన. నడుము ఇరిగింది. సూశినవా, ఎట్ల మెరుస్తున్నయో?"

మెప్పుకోసం ఎదురు చూస్తూ ఆమె ముఖం అట్లాగే ఎత్తి ఉంది. ఆ ముఖం చూస్తే శైలజకు ఒంట్లో నెత్తురంతా తలకెక్కింది.

"ఎవరు ముట్టమన్నరు నిన్ను? ఎవరు కడగమన్నరు? చేపలన్నీ చస్తున్నయి! నీళ్ళన్నీ విషమైనయి! మా కష్టమంత నీ పీసుతోని రుద్దిపారేసినవ్!"

లచ్చవ్వ చేతిలో చింతపండు జారింది. ఒక్క క్షణం బిత్తరపోయి, ఆ వెంటనే ఆమె కూడా లేచింది. కోడలికి తగ్గే మనిషి కాదు. "ఏం మాటలే అవి? మురికి కడిగితే సస్తయా? శుభ్రం చేస్తే విషమైతదా? లోకంల ఎక్కడన్న ఉన్నదా గీ ముచ్చట?"

"ఉన్నది! గాడ ఉన్నది! ముట్టకు ముట్టకు అని ఎన్నిసార్లు చెప్పిన నీకు?"

"ముట్టకు అని చెప్పినవ్. ఎందుకు ముట్టొద్దో ఎన్నడన్న చెప్పినవా? పొద్దంత గాడ ఏం చేస్తున్నరే అని అడిగితే, నీకు సమజ్ కాదులే అత్తమ్మా అంటివి. మనవడు కూడా గట్లనే అంటడు, నువ్వు కూడా గట్లనే అంటవ్. సమజ్ కానిదాన్ని, నా చేతికి తెలిసిన పని నేను చేసిన."

ఆ మాట నిజమేనని శైలజకు తెలుసు. అందుకే కోపం ఇంకా పెరిగింది. వంటింట్లోకి పోయి పెరుగు గిన్నె పట్టుకొచ్చి అత్త ముందు టక్కున పెట్టింది.

"ఇగో. రోజు దీంట్లకెల్లి ఇంత తీసి పాలల్ల వేస్తవు కదా. ఒకరోజు ఈ గిన్నె తోమి బోర్లేసి, ఉత్త పాలు పెట్టి, తోడుకో అంటే తోడుకుంటయా? ఆ జిగురే తోడు అత్తమ్మా. నీళ్ళకు అదే తోడు. చిటికెడు కూడా మిగలకుండ కడిగి పారబోసినవ్."

లచ్చవ్వ పెరుగు గిన్నె వైపు చూసింది. పీట మీద మెల్లగా కూర్చుంది.

"తోడు పారబోసిన్నా?"

"ఔ."

"గీ మాట ముందుగాల అంటే నేను చెయ్యి పెడుదునా?" అంది, కోడలితో కాదు, గిన్నెతో అన్నట్టు.

శైలజకు ఏడుపు వచ్చింది. అత్త ముందు ఏడవడం ఇష్టం లేక బయటికి వచ్చేసింది.

వచ్చిన కాళ్ళు నిరోష వాళ్ళ గల్లీ వైపు తీసుకుపోయాయి. నిరోష గుమ్మంలో కూర్చొని చిక్కుడుకాయ తుంచుతోంది. వెనక గోడ మీద క్యాలెండర్‌లో యేసు ప్రభువు చెయ్యెత్తి దీవిస్తున్నాడు. నిరోష మాత్రం తలెత్తలేదు.

"చక్రాలు కడిగింది మా అత్త," అంది శైలజ, నిలబడే. "బ్లీచింగు వేసి కడిగింది. నువ్వు కాదు."

"నేను కాదని నాకు తెల్వదా?"

"నేను అనుకోలే..."

"అనుకోలే కానీ అన్నవ్." చిక్కుడు ఈనె టపుక్కున తెగింది. "చక్రాలు మీ అత్త కడిగింది. నన్నన్న మాటలు ఎవరు కడుగుతరు?"

క్షమించమని అడగడం శైలజకు గుడిలో వచ్చు, గుమ్మాల ముందు రాదు. నిరోషే చిక్కుడు పళ్ళెం పక్కకు జరిపి లేచింది. చెప్పులు తొడుక్కుంటూ అంది. "చేపల కోసం వస్తున్న. నీ కోసం కాదు. తొవ్వల నాతోని మాట్లాడకు."

మాట్లాడకుండానే ఇద్దరూ తార్నాక చౌరస్తా వరకు నడిచారు. అక్కడ గల్లీ మొదట్లో శశిభూషణ్ అక్వేరియం దుకాణం ఉంది. రంగు చేపలు, గాజు తొట్లు, మోటార్లు అమ్ముతాడు. ఇళ్ళకు పోయి తొట్లు శుభ్రం చేసి వస్తాడు.

"అన్నా, ఫిల్టర్‌ల పెరిగే సూక్ష్మజీవాలు కావాలె," అంది శైలజ.

"ఉన్నయి మేడమ్, ఫస్ట్ క్లాస్," అంటూ ఆయన ముందు అద్దాల అరలోంచి ఒక సీసా తీసి ఇచ్చాడు. సీసా వెచ్చగా ఉంది. చీటీ రంగు వెలిసింది. నిరోష మూత తిప్పి వాసన చూసి ముఖం తిప్పుకుంది. మురిగిన గుడ్డు కంపు.

"ఎన్ని దినాలసంది ఎండల పెట్టినవ్ అన్నా దీన్ని?"

"షో కోసం మేడమ్. ఏం కాదు, కంపెనీ సరుకు."

"జీవమున్న దాన్ని ఎండల అద్దం వెనక పెడితే బతుకుతదా?" శైలజ సీసాను బల్ల మీద గట్టిగా పెట్టింది. "చచ్చిన నీళ్ళు అమ్ముతున్నవా? గాడ మా చేపలు నోళ్ళు తెరుచుకొని ఉన్నయి, తెలుసా నీకు?"

"అమ్మా, నా మీద అరుస్తరేంది? నేనేం కడిగిన్నా మీ ఫిల్టరు?"

ఆ మాట ఆయన తెలియక అన్నాడు కాని, తగలాల్సిన చోట తగిలింది. నిరోష పెదవి చివర నవ్వు వంటిది మెరిసి మాయమైంది. శైలజ ఇంకా ఏదో అనబోతుండగా ఆమె చూపు దుకాణం మధ్యలో ఉన్న పెద్ద గాజు తొట్టి మీద పడింది. బంగారు చేపలు హాయిగా తిరుగుతున్నాయి. మూలన ఫిల్టర్ స్పాంజి నల్లగా, జిగటగా, నెలల మురికితో ఉబ్బి ఉంది.

"అది ఇయ్యి," అంది.

"ఏది? చేపనా?"

"ఆ స్పాంజి. దాని మురికి."

శశిభూషణ్ నోరు తెరిచాడు. "మేడమ్, లోకమంత మురికి తీయమని నన్ను పిలుస్తది. మీరు మురికి కావాలంటున్నరు!"

"మురికే కావాలె. అదే మాకు తోడు."

"నీ చేపలు బాగున్నయా ముందు అది చెప్పు," నిరోష తొట్టి దగ్గరగా వంగి చూసింది. "తెల్ల మచ్చలు, పుండ్లు ఉంటే మాకొద్దు. రోగం తెచ్చుకున్నట్టయితది." చేపలను ఒక్కొక్కటిగా చూసి తల ఊపింది. ఇల్లు కదిలినప్పటినుంచి ఆమె శైలజ వైపు చూసి చేసిన మొదటి సైగ అది.

శశిభూషణ్ స్పాంజిని నీళ్ళతోనే సంచిలో వేసి ఇచ్చాడు. మనిషికి నవ్వు ఆగలేదు కాని మనసు మంచిది. తాను తొట్లు చూసుకునే ఇళ్ళ పేర్లు కూడా చెప్పాడు, ఫోన్లు చేశాడు. ఆ మధ్యాహ్నమంతా ఇద్దరూ తార్నాక గల్లీల్లో అపార్టుమెంటు మెట్లు ఎక్కి దిగారు. తలుపు తీసినవాళ్ళకు నిరోష చెప్పేది. "అమ్మా, మీ చేపల తొట్టిల మురికి ఉంటే పెట్టుండ్రి." ఒక ఇంట్లో రిటైరైన లెక్చరర్ భార్య ముక్కు మూసుకొని స్పాంజి పిండి ఇచ్చింది. ఇంకొక ఇంట్లో ఆవిడ ముందు రోజే తొట్టి కడిగానని గర్వంగా చెప్పింది. శైలజ పళ్ళు కొరుక్కుంటూ మెట్లు దిగింది. మడి కట్టుకొని వంట చేసే మనిషి, పండుగ ముందు వారం, ఇల్లిల్లూ తిరిగి మురికి అడుక్కుంటోంది. తలుచుకుంటే తన మీద తనకే ఒళ్ళు మండింది.

చల్లటి నీళ్ళ డబ్బాలో ఆ మురికినంతా షెడ్డుకు తెచ్చారు. స్పాంజీలను గుడ్డ సంచుల్లో కట్టి తెల్ల చక్రాల మధ్య వేలాడదీశారు, పిండిన నీళ్ళు డ్రమ్ములో పోశారు. తేటగా ఉన్న డ్రమ్ము బురద గుంటలా అయ్యింది. ఆ బురదను చూసి శైలజకు మొదటిసారి కొంచెం ధైర్యం వచ్చింది.

"నిరోషా, మొన్న నేను..."

"ఇప్పుడు చెప్పకు. నా చేతులు ఖాళీ లేవు," అంది నిరోష, సంచి మూతి ముడి వేస్తూ.

మరునాడు పొద్దున స్నానం చేసి దేవుని మూల ముందు నిలబడ్డప్పుడు శైలజ ఒంట్లో కోపం అట్లాగే ఉంది. అత్త మీద, తన మీద, చివరికి పటంలో ఉన్న అమ్మవారి మీద కూడా. నీ పేరున బొట్టు పెట్టిన డ్రమ్మే కదా తల్లీ, నీ పండుగకనే కదా ముసలిది నడుము విరగ్గొట్టుకున్నది, ఒక్క మాట ఆమె చెవిలో వేయలేకపోయినవా? ఇట్లా అడుగుతూనే అగ్గిపుల్ల గీసింది. వత్తి అంటుకుంది. మామూలుగానే వెలిగింది. భానుప్రకాశ్ దీపం చూసి చాయ్ అడిగాడు. "పోయి హోటల్ల తాగు!" అని ఆమె కసిరితే, ఇంతకాలం నమ్ముకున్న గుర్తు ఇట్లా మోసం చేసిందేమిటా అని దీపం వైపు చూసుకుంటూ పోయాడు.

పచ్చదనం మెల్లగా దిగసాగింది. కాని కథ అక్కడ ఆగలేదు. తోడు కొత్తగా అందుకునేటప్పుడు ఒక విషం పోయి దాని చోట ఇంకొక విషం పుడుతుంది. దాన్ని తినే జీవాలు ఆలస్యంగా వస్తాయి. రెండో పరీక్షలో, లేత నీలంగా ఉండాల్సిన నీళ్ళు నేరేడుపండు రంగుకు తిరిగాయి. చేపలు మళ్ళీ ఆవలించడం మొదలుపెట్టాయి. తొట్లలో తెల్ల పొట్టలు పైకి తేలాయి. నిరోష ఒకదాని చెంప ఎత్తి చూపించింది. ఎర్రగా ఉండాల్సిన మొప్పలు చాక్లెట్ రంగులో ఉన్నాయి. గాలి ఎంత పెట్టినా నెత్తురు పట్టుకోవడం లేదు.

"ఉప్పు," అన్నారిద్దరూ ఒకేసారి. నీళ్ళలో ఉప్పు కలిస్తే ఈ విషం చేప ఒంట్లోకి అంతగా ఎక్కదు. అది శిక్షణలో నేర్చుకున్నదే.

భానుప్రకాశ్ ముషీరాబాద్ పోయి ఆటోలో దొడ్డుప్పు బస్తాలు తెచ్చాడు. ఆ రోజే బస్తీలో బోనాలు. గోడ అవతల డప్పులు మోగుతున్నాయి, పోతరాజు కొరడా చప్పుడు, పిల్లల కేకలు. గోడ ఇవతల ఇద్దరు ఆడవాళ్ళు చచ్చిన చేపలను బుట్టలో ఏరుతున్నారు. ఒక్కొక్క చేప బుట్టలో పడ్డప్పుడల్లా శైలజకు గుండెలో మంట. డప్పుల మీద కోపం, పండుగ మీద కోపం.

షెడ్డు వాకిట్లో నీడ పడింది. లచ్చవ్వ. కొత్త చీర, ముఖానికి పసుపు. బోనం సమర్పించి నేరుగా వచ్చినట్టుంది. గడప దాటలేదు.

"లోపలికి రావొచ్చునా?"

శైలజ తలెత్తకుండా చేపలు ఏరుతూనే ఉంది. ఏం పలికినా అరుపే అవుతుందని భయం. నిరోషే అంది. "రా పెద్దమ్మా. ఒట్టి చేతుల్తోని నిలబడుడెందుకు, ఉప్పు కలుపుదువు రా."

లచ్చవ్వ కొత్త చీర కుచ్చిళ్ళు దోపుకొని బకెట్టు ముందు కూర్చుంది. ఉప్పు దోసిట్లోకి తీసుకొని ఆగింది. "ఎందుకు కలుపుతున్నమో అది చెప్పుండ్రి ముందు. తెల్వకుండ ఈసారి ఏం ముట్ట."

నిరోష శైలజ వైపు చూసింది. చెప్పాల్సింది నువ్వే అన్నట్టు.

శైలజ చెప్పింది. మొదట గొంతు గట్టిగానే వచ్చింది, వంట పాడుచేసినవాళ్ళకు చెప్పినట్టు. నీళ్ళు ఎటు పోతాయి, ఎక్కడ తిరుగుతాయి, ఏ రంగు దేనికి గుర్తు, ఉప్పు ఏం చేస్తుంది. చెప్తూ చెప్తూ ఉండగా గొంతు ఎప్పుడు దిగిందో ఆమెకే తెలియలేదు. లచ్చవ్వ మధ్యలో అడ్డం పడి అడిగేది. "ఉప్పు ఎక్కువైతే మల్ల తోడు చస్తదా?" మంచి ప్రశ్నే. అందుకే కొలిచి, కరిగించి, మెల్లమెల్లగా పోయాలని చెప్పింది. ముసలామె ఆ సాయంత్రం వరకు కర్ర పెట్టి ఉప్పు కరిగిస్తూనే ఉంది.

చేపలు కొన్ని పోయాయి. గోడ పక్కన గుంత తవ్వి పూడ్చారు. మిగిలినవి నిలబడ్డాయి. నేరేడు రంగు రోజురోజుకూ పలచబడి, ఒక పొద్దున లేత ఆకాశం రంగులో ఆగింది. చక్రాల మీద మళ్ళీ గోధుమ రంగు పొర పట్టింది. లచ్చవ్వ ఒక చక్రం తీసి వేలితో తాకి, "అంటుకుంటున్నది," అని మనవడు నడక నేర్చినప్పుడు చూసినట్టు చూసింది. ఆ రోజు నిరోష పిడికెడు దాణా వేస్తే, చేపలు నీళ్ళు చిందించి ఎగబడ్డాయి.

"ఇంకొంచెం వెయ్యి," అంది శైలజ.

"వేసినంక మల్ల అంటవ్."

"అన్న. తప్పు మాట అన్న. పోయినసారి చేపలు నీ వల్ల చావలే. ఆ మాట అనకుండ ఉండాల్సింది."

నిరోష బకెట్టులోంచి పిడికెడు దాణా తీసింది. "నాకింకా కోపం పోలే అక్కా," అంది. "పోయినప్పుడు చెప్త." ఇంకొంచెం వేసింది.

లచ్చవ్వ ఈ మాటలు విననట్టే బస్తాలో మిగిలిన ఉప్పు వైపు చూస్తోంది. "శైలా, దీంతోని ఇంక పనుంటదా?"

"ఒక బస్తా ఉంచుకుంటం. ఇది ఎక్కువే. ఎందుకు?"

"నాకో డబ్బెడు కావాలె. శివమ్మకు బాకీ ఉన్న."

శివమ్మ నిరోష తల్లి. ఆమెతో అత్తకు బాకీ ఏమిటో శైలజకు తెలియదు. లచ్చవ్వ చెప్పింది. శైలజ ఈ ఇంటికి కోడలుగా రాకముందు రెండు కుటుంబాల ఇళ్ళకూ నడుమ ఒకే గోడ. ఒక ఎండాకాలం మామిడికాయ తొక్కు పెడుతుంటే ఉప్పు చాలలేదు. దీపాలు పెట్టే వేళ. ఆ వేళప్పుడు ఇంట్లోంచి ఉప్పు బయటికి ఇస్తే లక్ష్మి పోతుందని ఎవరూ ఇవ్వరు. వాడలో అందరూ లేదన్నారు. శివమ్మ మాత్రం డబ్బా నిండా ఇచ్చింది. తర్వాత ఇల్లు మారారు. ఇవ్వాళ ఇద్దాం, రేపు ఇద్దాం అనుకుంటూ ఉండగా ఇన్నేళ్ళకు ఉప్పు పట్టుకొని పోతే నవ్వుతారని సిగ్గైంది. ఆ సిగ్గుకు ఆ గల్లీ వైపు పోవడమే మానేసింది.

"ఆమె ఉప్పుతోని తొక్కు తిన్నం. ఆమె బిడ్డ మీద నువ్వు నోరు పారేసుకుంటివి, నేను చేసిన పనికి," అంది లచ్చవ్వ. గొంతులో ఇంకా కొంచెం కోపం ఉంది, ఎవరి మీదో తెలియదు. "ఇగ ఆగొద్దు."

ముగ్గురూ కలిసే పోయారు. పొద్దు ఇంకా బాగా ఉండగానే పోవాలని లచ్చవ్వ తొందర పెట్టింది. శివమ్మ గుమ్మంలో మంచం మీద కూర్చొని బైబిలు చదువుకుంటోంది. కళ్ళద్దాలు సవరించుకొని చూసింది.

"ఎవరూ? లచ్చవ్వ వదినెనా? తొవ్వ తప్పినవా ఏంది?"

ఉప్పు ఎవరి చేతికీ అందించకూడదు, అందిస్తే పోట్లాట వస్తుంది. ఉన్న పోట్లాటలు చాలు. లచ్చవ్వ కొంగులోంచి డబ్బా తీసి శివమ్మ కాళ్ళ దగ్గర నేల మీద పెట్టి వెనక్కి జరిగింది.

శివమ్మ మూత తీసింది. కాసేపు అర్థం కాలేదు. తర్వాత అయ్యింది. "మామిడికాయ తొక్కుదా ఇది?"

"ఔ."

"నేను ఇచ్చింది సన్నుప్పు వదినె. నువ్వు తెచ్చింది దొడ్డుప్పు."

"దొడ్డుదే మంచిది. చేపలు కూడా బతికినయ్ దాంతోని."

శివమ్మ డబ్బాను నేల మీది నుంచి ఎత్తుకొని లోపలికి పోయింది. ఉప్పు కుండలోకి జారుతున్న చప్పుడు బయటికి వినిపించింది. ఖాళీ డబ్బా తెచ్చి, లచ్చవ్వ పెట్టినట్టే, చేతికి ఇవ్వకుండా నేల మీదనే పెట్టింది.